వాకిట్లో బీరు కాచుకునే దేశం

ఇక్కడ మిన్నెసోటాలో చాలా పెట్రోలు బంకుల బయట గోడవారగా ఒక ఇనుప జాలీ బోను ఉంటుంది. లోపల తెల్లటి పొట్టి గ్యాస్ బండలు పేర్చి తాళం వేసి ఉంటాయి. డబ్బు కట్టి, ఖాళీ బండ అక్కడ పెట్టి, నిండు బండ కారు డిక్కీలో వేసుకుని పోవడమే. బుకింగ్ లేదు, గ్యాస్ పుస్తకం లేదు, ఎవరికి, ఎందుకు అని అడిగేవాళ్లు లేరు. వంటిళ్లలో పైపు గ్యాసో కరెంటు పొయ్యో ఉన్న ఊళ్లో ఇన్ని బండలు ఎవరు వాడతారా అని చాలాకాలం అనుకున్నాను.

సమాధానం మా పక్కింట్లోనే దొరికింది. ఆ ఇంటాయన శనివారం పొద్దున్నే గ్యారేజీ ముందు మూడు కాళ్ల బర్నర్ పెట్టి, దానిమీద మన పెళ్లి వంటల గుండిగంత స్టీలు పాత్ర ఎక్కించి బీరు కాస్తాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, తియ్యటి రసం వడగట్టి, దాన్ని గంటసేపు తెర్లబెడతాడు. మధ్యమధ్యలో గడియారం చూసుకుంటూ హాప్స్ అనే చేదు పువ్వులు వేస్తాడు. ఇంత రసాన్ని మరిగించే సత్తా మామూలు వంటింటి పొయ్యికి ఉండదు. పొంగితే స్టవ్వంతా జిగురు, ఇల్లంతా ఆవిరి. అందుకే బయటి పొయ్యి, దానికో బండ. వీధిలో పోయేవాళ్లు చెయ్యూపి పోతారు. పోలీసు కారు పోతుంది, ఆగదు.

నేను నెల్లూరు జిల్లా పల్లెలో పెరిగినదాన్ని. ఇంట్లో మత్తుపానీయం కాస్తున్నారంటే మాకు తెలిసిన దృశ్యం వేరు: పొదల మాటున కుండలు, ఎక్సైజు జీపు, పరుగులు. అందుకే ఈయన ఇంత నిశ్చింతగా ఎలా కాస్తున్నాడో తెలుసుకుందామని ఈ దేశం చరిత్ర తిరగేశాను. ఇక్కడా ఒకప్పుడు అది నేరమేనని తెలిసింది.

అమెరికా మొత్తం మద్యనిషేధం 1920లో వచ్చింది. దాన్ని అమలు చేసిన చట్టానికి పేరిచ్చిన ఆండ్రూ వోల్‌స్టెడ్ మా రాష్ట్రంవాడే, గ్రానైట్ ఫాల్స్ అనే చిన్న ఊరివాడు. అయితే ఆ నిషేధానికి దారివేసింది ఆడవాళ్లు. 1873 డిసెంబరులో ఒహాయోలోని హిల్స్‌బరోలో ఇల్లాళ్లు గుంపుగా బయల్దేరి, సారాయి దుకాణాల ముందు మోకాళ్లమీద కూర్చుని ప్రార్థనలు చేశారు. చలిలో, గుమ్మం దగ్గరే. ఇది చదివిన క్షణం నాకు మా జిల్లాలోని దూబగుంట కళ్లముందు మెదిలింది. 1992లో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి పోయిన మా ఆడవాళ్లు, ఆ చదువులోంచే ధైర్యం తెచ్చుకుని సారా ప్యాకెట్లు ఊళ్లోకి రాకుండా అడ్డుపడ్డారు. వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. హిల్స్‌బరోలో శాలువాలు కప్పుకున్న ఆడవాళ్లూ, మా ఊళ్లలో కొంగు బిగించి చీపుళ్లు పట్టినవాళ్లూ ఒకేచోట కూర్చుని ఉంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా, మొగుడి కూలి డబ్బు ఎటుపోతోందో చెప్పుకోవడానికి భాష అక్కర్లేదు. రెండుచోట్లా నిషేధం వచ్చింది, రెండుచోట్లా పోయింది. మనకు 1995లో వచ్చి 1997లో పోతే, వీళ్లకు పదమూడేళ్లు నడిచి 1933లో పోయింది. మనకి ఖజానా లెక్కలు అడ్డొచ్చాయి. వీళ్లకీ ఆర్థిక మాంద్యంలో పన్నుల రాబడి గుర్తొచ్చింది. ఆ మొదటి ఆడవాళ్ల కడుపుకోత మాత్రం ఏ లెక్కలోకీ రాలేదని నాకు ఇప్పటికీ బాధ.

నిషేధం పోయాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది, బీరుకు రాలేదు. వాకిట్లో బీరు కాచినవాడు 1933 తర్వాత కూడా 45 ఏళ్లపాటు నేరస్థుడే. చివరికి కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ ప్రతిపాదించిన సవరణతో కూడిన బిల్లుపై 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. తాగొచ్చు, పంచొచ్చు, అమ్మకూడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాయి. ఆఖరివి మిసిసిపి, అలబామా, 2013లో. 1978లో దేశం మొత్తంమీద నూరు లోపే ఉన్న బీరు కర్మాగారాలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. వాటిలో చాలావాటి యజమానులు మొదట ఇంటి పొయ్యిమీదే నేర్చుకున్నారు. మా దగ్గరి సర్లీ అనే పెద్ద బ్రూవరీ ఓమర్ అన్సారీది. ఆయన తండ్రి పాకిస్తాన్ నుంచి వలస వచ్చినవాడు. ఇంట్లో బీరు కాయడం నేర్చుకున్న కొడుకు, తల్లిదండ్రుల సానరాళ్ల ఫ్యాక్టరీలోనే 2006లో బ్రూవరీ మొదలుపెట్టాడు. బ్రూవరీలోనే గ్లాసుల్లో అమ్ముకునేలా 2011లో ఆయన పట్టుబట్టి రాష్ట్ర చట్టం మార్పించాడు.

చట్టం సరే. నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకుంది ఆ బండ. పిట్స్‌బర్గ్‌లో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1910లో పెట్రోలు ఆవిరైపోవడానికి కారణం వెతుకుతూ ప్రొపేన్‌ను వేరుచేశాడు. పెట్రోలు పోసిన సీసా మూత టప్పుటప్పున ఎగిరిపోతుంటే వచ్చిన అనుమానమది. ఆ గ్యాసును ఒత్తిడితో ద్రవం చేసి బండలో నింపితే పైపు వెయ్యలేని పల్లెకూ పొయ్యి మండుతుందని రెండేళ్లలోనే తేలింది.

మన ఇంటి బండలో ప్రొపేన్, బ్యూటేన్ కలిపి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి ఇక్కడి చలికి పనికిరాదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా లొంగదు. అయినా జనవరిలో దానికీ నీరసం వస్తుంది. బర్నర్ జోరుగా మండేకొద్దీ లోపలి ద్రవం తన వేడినే ఖర్చుపెట్టి ఆవిరవుతుంది. బండ చల్లబడి, ద్రవం ఉన్నంతమేరా మంచు పొర కడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, మంట నీలంగా చిన్నదవుతుంది. పక్కింటాయన ఒకసారి చెంబుతో వేడినీళ్లు తెచ్చి బండ పక్కన ధారగా పోసి, అరచెయ్యి పెట్టి చూడమన్నాడు. పైన వెచ్చగా ఉన్న ఇనుము ఒక గీత దగ్గర ఉన్నట్టుండి జిల్లుమంది. ఆ గీత కిందదంతా గ్యాస్ ద్రవం. ఇంత సులువైన కొలత మనవాళ్లెందుకు చెప్పలేదా అనిపించింది.

ఇంకా కచ్చితంగా కావాలంటే తూకం. బండ మెడపట్టీ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, సాధారణంగా 17 పౌండ్ల దగ్గర్లో. తూచి తీసేస్తే మిగిలింది గ్యాస్. అయిదు గ్యాలన్ల బీరుకు సుమారు కిలో, చలికాలం కిలోన్నర పోతుంది. రసం తెర్లుతుండగా గ్యాస్ అయిపోతే పాకం చెడినట్టే, అందుకే ఈ వ్యసనమున్న ప్రతివాడి దగ్గరా రెండో బండ సిద్ధంగా ఉంటుంది. బండ 20 పౌండ్లది, అంటే 9 కిలోలు. కానీ బోనులో మార్చుకునే వాటిలో సాధారణంగా 15 పౌండ్లే నింపుతారు. 2008లో రెండు పెద్ద కంపెనీలు ధర తగ్గించకుండా 17 నుంచి 15కి దించాయి. ఆ రెండూ కూడబలుక్కున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు పెట్టింది. గ్యాస్ తెచ్చిన అబ్బాయిని గుమ్మంలోనే తూచి ఇమ్మని నిలదీసే మా అమ్మను ఆ కమిషన్‌లో కూర్చోబెట్టాల్సింది. తెలిసినవాళ్లు బోను దగ్గర మార్చుకోకుండా హార్డ్‌వేర్ దుకాణంలో నింపించుకుంటారు, పట్టినదానికే డబ్బు.

ఎంత నింపాలో మనిషి మీద వదిలెయ్యలేదు. నూటికి ఎనభై పాళ్లు నిండగానే తనంతట తానే మూసుకునే వాల్వు పెట్టారు. ఎండకు ద్రవం ఉబ్బితే జాగా కావాలి కదా. 2002 ఏప్రిల్ నుంచి ఆ వాల్వు లేని చిన్న బండలో నింపకూడదు. తిప్పే పిడి మూడు మూలలుగా ఉంటే అది ఉన్నట్టు. ఇంకొకటి: పిడిని ఒక్కసారిగా తిప్పితే, గొట్టం తెగిందనుకుని బిగింపు దగ్గరి మరో వాల్వు గ్యాసును దాదాపు ఆపేస్తుంది. మంట మినుకుమినుకుమంటుంది. బండ ఖాళీ అనుకుని నిండుదాన్నే వాపసు ఇచ్చేస్తారు చాలామంది. మూసి, కాసేపాగి, నెమ్మదిగా తిప్పితే చాలు.

ఈ సులువంతా చెదిరిపోయిన చలికాలం ఒకటుంది. 2013 పంటకు మొక్కజొన్న తడిగా చేతికొచ్చింది. ఆరబెట్టే యంత్రాలు ప్రొపేన్‌ను తాగేశాయి. అదే సమయంలో కెనడా నుంచి తెచ్చే కొచిన్ పైప్‌లైన్ కొన్నాళ్లు ఆగింది. పైన గడ్డకట్టే చలి. పల్లె ఇళ్ల పెరళ్లలో ఉండే పెద్ద ట్యాంకులు అడుగంటాయి, ధర చుక్కలనంటింది, 2014 జనవరిలో గవర్నర్ మార్క్ డేటన్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. తర్వాత ఆ పైప్‌లైన్ దిశే మార్చేశారు, ఇప్పుడు ఆ సరుకు చాలావరకు రైళ్లమీద వస్తుంది. అడిగేవాళ్లెవరూ లేని స్వేచ్ఛలో, లేనప్పుడు ఇచ్చేవాళ్లూ ఉండరన్న భయం నాకు ఆ కథ విన్నాకే కలిగింది.

మనవాళ్లు బీరు కాయకపోయినా ఆ బర్నర్‌ను వదల్లేదు. ఇంట్లో చేపలు వేయిస్తే పొగ అలారం కూస్తుందని తెలుగువాళ్ల ఇళ్ల వెనక చాలాచోట్ల అదే మూడు కాళ్ల పొయ్యి, అదే తెల్ల బండ. మొన్న ఉగాదికి వందమందికి పులిహోర కలుపుతుంటే, మా ఊళ్లో పెళ్లికి గాడిపొయ్యి తవ్వి, సరుగుడు కట్టెలు ఎగదోసి, తెల్లవారుజామున గుండిగలు ఎక్కించే వంటమనుషులు గుర్తొచ్చి చాలాసేపు గరిటె ఆడలేదు.

మీ పిల్లలు ఇక్కడ ఉంటే ఒక్క మాట ఫోనులో చెప్పండి. చలికి భయపడి ఆ పొయ్యిని గ్యారేజీలోకి లాగొద్దు, తలుపు ఎత్తి ఉన్నా సరే. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేలవారనే పేరుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ బడిలో వాసనలేని సహజవాయువు లీకై పేలి మూడువందల మంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాసులో దుర్వాసన కలపడం చట్టాలకెక్కింది. కానీ మూసిన చోట మండే పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఎవరూ కలపలేరు. బండను నిలబెట్టి, బర్నర్‌కు దూరంగా పెట్టి, ఆరుబయటే వండుకోమనండి.