షాన్, కల్లు, గుట్ట: రాయికల్ పరిసరాల పర్వతవాచకాలపై ఒక పరిశీలన

చైనా భాషలో కొండను తెలిపే ‘షాన్’ అనే అక్షరంలో అడుగున ఒక అడ్డగీత, దానిపై మూడు నిలువు గీతలు ఉంటాయి. నడిమి గీత కొంచెం ఎత్తు. క్రీ.పూ. 1200 ప్రాంతపు షాంగ్ రాజుల కాలంలో, ఆన్‌యాంగ్ వద్ద ఎముకలపైనా తాబేటి చిప్పలపైనా ప్రశ్నలు చెక్కి జోస్యం చూసేవారు. ఆ లేఖనాలలో ఈ అక్షరం మూడు శిఖరాల బొమ్మగానే కనిపిస్తుంది. విచిత్రమేమంటే, క్రీ.శ. 100 ప్రాంతంలో తొలి అక్షరకోశాన్ని కూర్చిన షూ షెన్ ఆ బొమ్మతో తృప్తి పడలేదు. ధ్వనిలో దానికి దగ్గరగా ఉన్న మరో మాటతో ముడిపెట్టి, జీవశక్తిని వ్యాపింపజేసి సకల పదార్థాలనూ పుట్టించేది కనుక అది పర్వతమని అర్థం చెప్పాడు. మన యాస్కుడి పద్ధతీ ఇలాంటిదే. పర్వాలు, అంటే కణుపులు కలది కనుక పర్వతమని, పైకి ఉబికి వచ్చింది కనుక గిరి అని నిరుక్తం నిర్వచిస్తుంది.

తెలుగు లిపి ధ్వనిని చూపుతుంది కాని వస్తువు రూపాన్ని చూపదు. అందువల్ల కొండను మన పూర్వులు ఎలా చూశారో తెలుసుకోవడానికి అక్షరాకృతి పనికిరాదు, ఊరిపేర్లను ఆశ్రయించవలసిందే. ఆ దృష్టితో చూస్తే జగిత్యాల జిల్లా రాయికల్ అనే పేరు ఎంతో విలువైనది. ఇందులోని ‘కల్’ రాతికి ప్రాచీన ద్రావిడపదం. తమిళ కన్నడాలలో అది నేటికీ స్వతంత్రంగా జీవిస్తున్నది. తెలుగులో సమాసాలలో మాత్రమే మిగిలింది. పెళ్లిలో వధువు తొక్కే సన్నెకల్లులోను, కోస్తావారి కల్లుప్పులోను ఉన్నది ఇదే. ఓరుగల్లు సంస్కృతంలో ఏకశిలానగరం అయినప్పుడు ‘కల్లు’కు ‘శిల’ అని అర్థం చెప్పుకున్నవారు దాని మూలాన్ని మరచిపోలేదని స్పష్టం.

రాయికల్‌లో ‘రాయి’ కూడా శిలావాచకమే అయితే పేరు మొత్తానికి ‘రాతిరాయి’ అని అర్థం వస్తుంది. దీన్ని పునరుక్తిదోషంగా కొట్టివేయడం తొందరపాటు. పాతమాట అర్థం మసకబారినప్పుడు, జనం దాన్ని తీసివేయకుండా దాని పక్కనే తమకు తెలిసిన మాటను చేర్చుకుంటారు. ఇంగ్లండులోని పెండిల్ హిల్ పేరులో కొండ అనే అర్థం మూడు పొరలుగా పేరుకొని ఉంది. అయితే రాయికల్‌కు మరో వ్యుత్పత్తి కూడా సాధ్యమే. రాజశబ్దభవమైన ‘రాయ’ పూర్వపదమైతే అది ‘రాజుగారి రాయి’ అవుతుంది. ఈ రెండింటిలో ఏది సరియైనదో తేల్చే సాధనం ఒకటుంది. శిలార్థకమైన ‘ఱాయి’లో ఉన్నది శకటరేఫం, రాజార్థకమైన ‘రాయ’లో ఉన్నది సాధురేఫం. ఈ రెండు రేఫలూ కలిసిపోకముందు చెక్కిన ఏ శాసనంలోనైనా ఈ గ్రామనామం లభిస్తే ఆ ఒక్క అక్షరమే తీర్పు చెబుతుంది. నా మొగ్గు మొదటి అర్థం వైపే. అందుకు కారణం పొరుగునే ఉన్న కొండగట్టు.

మల్యాల మండలంలోని ఈ ఆంజనేయ క్షేత్రం పేరులో ‘కొండ’, ‘గట్టు’ రెండూ ఎత్తునే చెబుతాయి. ‘కొండ’ తమిళ ‘కున్ఱు’కు సజాతి. ‘గట్టు’ కొండా కావచ్చు, చెరువుకో పొలానికో వేసిన అడ్డూ కావచ్చు. ‘గుట్ట’కు పోగు, కుప్ప అనే అర్థమూ ఉంది. రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనబడే ఉత్తర తెలంగాణ గుట్టలను చూసినవారికి ఈ మాట ఔచిత్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. యాదగిరిగుట్టలో సంస్కృత గిరి, తెలుగు గుట్ట పక్కపక్కనే నిలిచాయి. జపానువారు చైనా నుండి తెచ్చుకున్న షాన్ అక్షరాన్నే సందర్భాన్ని బట్టి ‘సాన్’ అని ఒకసారి, తమ దేశ్యపదమైన ‘యామా’ అని మరొకసారి చదువుతారు. వారు ఒక అక్షరానికి రెండు పలుకుబడులు పెట్టుకుంటే, మనం రెండింటినీ ఒకే పేరులో ఇమిడ్చాం.

చైనా లిపిలో మనిషి, కొండ గుర్తులను పక్కపక్కన చేర్చితే సిద్ధపురుషుడు, అమరుడు అనే అర్థం వస్తుంది. కోటిలింగాల సమీపంలోని మునులగుట్ట ఆ రెండు భావాలనూ మాటలతో అలాగే కలిపింది. అది జైనమునుల ఆవాసంగా ప్రసిద్ధం. గంగాధర మండలం కురిక్యాల వద్దనున్న బొమ్మలగుట్టకు మాత్రం రెండు పేర్లు. అక్కడి బండపై చెక్కిన జినమూర్తులను, చక్రేశ్వరిని చూసి జనం పెట్టుకున్నది దేశ్యనామం. వృషభాద్రి అన్నది పండితనామం. పదవ శతాబ్దిలో, వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి కాలంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్టపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించాడు. అందులోని మూడు తెలుగు కందపద్యాలు నన్నయకు సుమారు శతాబ్దం ముందటివి. 2008లో తెలుగుకు ప్రాచీనభాషా హోదా లభించిన సందర్భంలో ఈ గుట్ట పేరు తరచు వినిపించింది. తాళపత్రమైతే ప్రతి రాయించుకోవచ్చు. ఈ పద్యాలకు ఆధారం బండ ఒక్కటే.

ఆ బండకే ఇప్పుడు వెల కట్టారు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అనే వ్యాపారనామాలతో విదేశాలకు వెళుతున్నది. దిమ్మెలుగా కోసి ఓడల కెక్కించే ఆ రాతికి పెద్ద కొనుగోలుదారు చైనా. వ్యాపారనామం రంగును చెబుతుందే తప్ప ఆ రాయి ఏ గుట్టదో చెప్పదు. స్థలనామ పరిశోధకులు ఇంతవరకు నిఘంటువుల ముందు కూర్చుని చేసిన పని సరిపోదు. ప్రతి గుట్టకు ఊరివారు వాడే పేరు, పురాణం ఇచ్చిన పేరు, రెవెన్యూ కాగితంలోని పేరు, బండపై ఉన్న గీతలు, గుహలు, చెక్కడాలు ఒకేచోట నమోదు కావాలి. ఇది క్వారీ కౌలుకు ముందే జరగాలి. గుట్ట పోయిన తరువాత కూడా పేరు కొంతకాలం వాడుకలో ఉంటుంది. కాని అది గుట్టవల్ల వచ్చిందా, కుప్పవల్ల వచ్చిందా అని అడిగేవారికి అక్కడ చూపడానికి నీరు నిలిచిన గొయ్యి తప్ప మరేమీ ఉండదు.