"టక్" అని ఆగిపోయే సెల్ఫ్: మా బాపు బండి, వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్ జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్‌లో, మా ఇంటి రేకుల షెడ్డు కింద మొదలైంది. అక్కడ మా బాపు పాత 350 సీసీ బండి ఉంటుంది. సెల్ఫ్ బటన్ నొక్కితే "టక్" అని ఒక్క చప్పుడు. అంతే, ఇంజిన్ తిరగదు.

కిక్ కొట్టొచ్చు కదా అంటారా? రెండేళ్ల కింద అదే కిక్ రివర్స్ కొట్టి బాపు కుడి కాలి మడమ విరిగింది. అప్పటి నుంచి ఆయన కిక్ కొట్టలేడు. సెల్ఫ్ పనిచేస్తేనే సొంతంగా పొలం కాడికి పోతాడు. లేకపోతే మాలో ఎవరో ఒకరం ఇంటికొచ్చే దాకా అరుగు మీద కూర్చుంటాడు. ఒక మెకానిక్ చూసి "మోటార్ పోయింది, కొత్తది వేయాలె" అన్నాడు. ఖర్చు విన్నాక బాపు మెల్లగా, "ఇగ అమ్మేద్దాం బిడ్డా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అసలీ సెల్ఫ్ ఎట్ల పుట్టింది, ఎక్కడ దెబ్బతింటుంది అని వెతుక్కుంటూ పోతే, వందేళ్లు వెనక్కి పోయాను.

మొదట్లో కార్లకు ముందు వైపు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు. ఇంజిన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. బాపుకు కాలు, వాళ్లకు చెయ్యి! 1911లో అమెరికాలోని డేటన్‌లో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజినీర్ దీనికి దారి చూపించాడు. ఆయన అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కు కరెంటు మోటార్ పెట్టినవాడు. అక్కడ నేర్చుకున్నది ఒకటే. ఈ మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, కొన్ని సెకన్లు తిరిగితే చాలు. అంటే చిన్న మోటార్‌కే దాని తాహతుకు మించిన కరెంట్ ఇవ్వొచ్చు. 1912 మోడల్ క్యాడిలాక్ కార్లు సెల్ఫ్‌తో వచ్చాయి.

ఇక్కడే మెలిక ఉంది. మోటార్ చిన్నదైనా, ఆ కొన్ని సెకన్లు భారీ కరెంట్ లాగుతుంది. అది రావడానికి దారి బాగుండాలె.

ఆ సంగతి మోటార్‌సైకిళ్లకు కష్టంగా అర్థమైంది. 1914లో ఇండియన్ అనే అమెరికా కంపెనీ "హెండీ స్పెషల్" అనే బండి తెచ్చింది. రెండు 6 వోల్టుల బ్యాటరీలు, ఎలక్ట్రిక్ స్టార్ట్. ఆలోచన బంగారం. కానీ అప్పటి బ్యాటరీలు ఆ బరువు మోయలేకపోయాయి. కంపెనీ తొందర్లోనే దాన్ని ఆపేసింది. అరవై ఏళ్ల తర్వాత, 1975లో ఇంగ్లండ్ వాళ్ల నార్టన్ కమాండో 850కి సెల్ఫ్ వచ్చింది. అది ఎంత బక్కదంటే, "ఇది స్టార్టర్ కాదు, కిక్‌కు తోడు మాత్రమే" అని నడిపేవాళ్లు వెక్కిరించారు. తర్వాత చాలామంది మోటార్‌ను బాగుచేయించడంతో పాటు లావు కేబుళ్లు కూడా వేసుకున్నారు.

ఆ లోపే 1969లో హోండా సీబీ750 సెల్ఫ్‌తో వచ్చింది. మన దేశంలో 1984లో కైనెటిక్ హోండా గేర్లు లేకుండా, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేలా వచ్చింది. కిక్ కొట్టడానికి ఇబ్బందిపడేవాళ్లకు కూడా బండి అందింది. సెల్ఫ్ అంటే షోకు కాదని నాకు అప్పుడర్థమైంది. బండి ఎవరు నడపగలరు అనేది ఆ బటన్ మీద ఆధారపడి ఉంది.

సరే, షెడ్డులోకి వద్దాం. సెల్ఫ్‌కు రెండు దారులుంటాయి. సన్న వైరు దారి బటన్ నుంచి రిలేకు పోతుంది. లావు కేబుల్ దారి బ్యాటరీ నుంచి రిలే మీదుగా మోటార్‌కు పోయి, ఇంజిన్ బాడీ నుంచి ఎర్త్ కేబుల్ ద్వారా తిరిగి బ్యాటరీకి వస్తుంది. బటన్ నొక్కితే ఏ చప్పుడూ రాకపోతే ముందు సన్న దారి చూడండి: ఫ్యూజ్, తాళం స్విచ్, బటన్, క్లచ్ స్విచ్ ఉంటే అది కూడా. "టక్" అంటే రిలే పలుకుతున్నట్టు. అప్పుడు బ్యాటరీ, లావు దారి చూడాలె.

బండి న్యూట్రల్‌లో పెట్టి మల్టీమీటర్ పట్టుకున్నాను. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు. బటన్ నొక్కినప్పుడు కూడా 11 దగ్గరే నిలబడింది. 9 దాకా జారితే బ్యాటరీని అనుమానించేవాణ్ని. తర్వాత మీటర్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజిన్ బాడీకి పెట్టి, తమ్ముణ్ని బటన్ నొక్కమన్నాను. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలె. 2 వోల్టులు చూపించింది! 100 ఆంపియర్లు పోయే దారిలో 0.02 ఓం అడ్డం పడితే చాలు, 2 వోల్టులు అక్కడే మాయమైతాయి.

ఎర్త్ కేబుల్ బోల్టు విప్పితే కింద పెయింటు, దాని మీద తుప్పు. బ్యాటరీ మైనస్ తీసిపెట్టి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దాను. కొత్త లావు కేబుల్ వేసి, బోల్టు గట్టిగా బిగించి, పైన కొంచెం వాజిలైన్ రాశాను. మోటార్‌ను ముట్టుకోనే లేదు.

బాపును పిలిచి "నువ్వే నొక్కు" అన్నాను. నొక్కాడు. ఇంజిన్ ఒక్కసారే అందుకుంది. ఆయన ఏమనలే. చెప్పులేసుకుని, బండెక్కి పొలం వైపు పోయాడు.

మీ ఇంట్లో కూడా "టక్" అని ఆగిపోయే బండి ఉంటే, అమ్మే ముందు ఎర్త్ బోల్టు ఒకసారి విప్పి చూడండి.