బేగం జాన్ ఇల్లు: దేశ విభజనలో కదలనన్న స్త్రీలు

2015 అక్టోబరులో విడుదలైన ‘రాజ్‌కహిని’ అనే బెంగాలీ చిత్రాన్ని మీలో కొందరు చూసి ఉండవచ్చు. దర్శకుడు శ్రీజిత్ ముఖర్జీ. రెండేళ్ల తర్వాత ఆయనే ఆ కథను పంజాబుకు మార్చి, విద్యా బాలన్ ముఖ్యపాత్రలో ‘బేగం జాన్’ పేరుతో హిందీలో తీశాడు. కథ చిన్నది. ఊరికి దూరంగా ఒక వేశ్యాగృహం ఉంటుంది. దాని యజమానురాలు బేగం జాన్. అందులో హిందువులూ ముస్లింలూ కలిసే బతుకుతుంటారు. 1947లో గీసిన సరిహద్దు రేఖ సరిగ్గా ఆ ఇంటి మధ్య నుంచి పోతుంది. కాంగ్రెసుకు చెందిన ఒకరూ, ముస్లిం లీగుకు చెందిన ఒకరూ, పూర్వం స్నేహితులైన ఇద్దరు అధికారులు వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటారు. బేగం జాన్ కదలనంటుంది. నోటీసులు పని చేయకపోవడంతో కిరాయి మూకను పంపుతారు. స్త్రీలు తుపాకులు పట్టి పోరాడతారు. చివరికి మిగిలినవారు తలుపులు మూసుకుని, మండుతున్న ఇంటిలోనే దహనమైపోతారు.

సంపర్క తరగతుల్లో విభజన పాఠం చెప్పినప్పుడు ఈ సినిమా ప్రస్తావనకు వస్తే విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది నిజంగా జరిగిందా? ఇది కల్పిత కథ. కాని ఆ జవాబుతో చరిత్ర విద్యార్థి ఆగిపోకూడదు. కల్పన ఎక్కడ చరిత్రను పట్టుకుంది, ఎక్కడ జారవిడిచింది అన్నది చూడాలి. నా అభిప్రాయంలో ఈ చిత్రం స్త్రీల నిరాకరణను గుర్తించింది. ఆ నిరాకరణ చరిత్రలో నిజంగా ఏ రూపం తీసుకుందో మాత్రం వదిలేసింది.

ముందుగా రేఖ సంగతి. సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జూలై 8న భారతదేశానికి వచ్చాడు. అంతకుముందు ఆయన ఈ దేశంలో అడుగు పెట్టలేదు. పంజాబు, బెంగాలు సరిహద్దు కమిషన్లు రెండింటికీ ఆయనే అధ్యక్షుడు. చేతిలో ఉన్న సమయం సుమారు ఐదు వారాలు. ఆగస్టు 15 నాటికి తీర్పు సిద్ధంగానే ఉన్నా, దాన్ని ప్రకటించింది 17న. అంటే స్వాతంత్ర్య దినోత్సవం నాడు తాము ఏ దేశంలో ఉన్నారో సరిహద్దు జిల్లాల ప్రజలకు తెలియదు. ముర్షిదాబాదులో పాకిస్తాన్ జెండా, ఖుల్నాలో భారత జెండా ఎగిరాయి. రెండు రోజుల తర్వాత రెండు చోట్లా జెండాలు మార్చవలసి వచ్చింది. ఇల్లు కదలకుండానే దేశం మారడం అంటే ఇదే. సినిమాలో ముఖాలను సగం సగంగా చూపే దృశ్యాల వెనుక ఈ అయోమయమే ఉంది.

అయితే ఒక విషయం విద్యార్థులు గమనించాలి. బెంగాలీ చిత్రం ఆ ఇంటిని హల్దీబారీకీ దేబీగంజ్‌కూ మధ్య పెట్టింది. దేబీగంజ్ బ్రిటిష్ పాలనలోని జల్పాయిగుడి జిల్లాలో ఒక ఠాణా. రాడ్‌క్లిఫ్ దాన్ని తూర్పు బెంగాలుకు ఇచ్చాడు. హల్దీబారీ మాత్రం కూచ్‌బిహార్ సంస్థానంలోది. సంస్థానాలను విభజించే అధికారం ఆయనకు లేదు. కూచ్‌బిహార్ 1949లో గాని భారత యూనియన్‌లో విలీనం కాలేదు. కాబట్టి అక్కడి హద్దు కొత్తగా గీసినది కాదు, పాత సంస్థానపు పొలిమేరే అంతర్జాతీయ సరిహద్దు అయింది. కంచె కూడా అంతే. 1947లో బెంగాలు సరిహద్దు పొడుగునా ముళ్లకంచె లేదు. రెండు బెంగాలుల మధ్య రాకపోకలకు పాస్‌పోర్టు తప్పనిసరి చేసింది 1952 అక్టోబరులో. కంచె వేయడం 1980ల తర్వాతి మాట. మన కాలపు సరిహద్దును దర్శకుడు 1947 మీద పరిచాడు. సినిమాకు అది తప్పు కాకపోవచ్చు. కాని విభజన ఒక్క ఆగస్టులో తెగిపోయిన వ్యవహారమనే భ్రమ దానివల్ల బలపడుతుంది. ఈ చిత్రం విడుదలైన 2015లోనే, జూలై 31 అర్ధరాత్రి, భారత్, బంగ్లాదేశ్‌లు ఒకదాని భూభాగంలో చిక్కుకున్న మరొకదాని భూఖండాలను (భారతదేశానివి 111, బంగ్లాదేశ్‌వి 51) మార్చుకున్నాయి. అప్పుడు భారత పౌరసత్వం కోరి ఇటు వచ్చిన వెయ్యిలోపు మందికి వేసిన శిబిరాలలో ఒకటి ఆ హల్దీబారీలోనే ఉండేది.

ఇక ముగింపులోని అగ్ని. ఆ ఇంటిలోని ముసలావిడ రాణి పద్మిని కథ చెబుతూ ఉంటుంది. ‘రాజ్‌కహిని’ అన్న పేరు కూడా అవనీంద్రనాథ్ ఠాగూర్ రాసిన రాజపుత్ర గాథల పుస్తకానిదే. వేశ్యలను రాణులతో సమానం చేసి చూపడంలో దర్శకుడి సదుద్దేశం తెలుస్తూనే ఉంది. కాని స్త్రీ గౌరవం నిలవాలంటే ఆమె చావాలి అన్న పాత కొలతనే ఆయన ఈ స్త్రీలకూ వర్తింపజేశాడు. విభజన చరిత్రలో ఈ కొలతకు చాలా బరువుంది. 1947 మార్చిలో రావల్పిండి జిల్లాలోని థోహా ఖాల్సా గ్రామంలో సుమారు 90 మంది సిక్కు స్త్రీలు బావిలో దూకి చనిపోయారు. సమాజం వారిని అమరులుగా స్మరించింది. 1998లో వెలువడిన తన పుస్తకంలో ఊర్వశీ బుటాలియా ఇక్కడే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది: వారిలో ఎందరు తమ ఇష్టంతో దూకారు? దూకడం ఇష్టం లేని స్త్రీ కథ ఎవరు చెప్పారు? అదే కాలంలో కొన్ని చోట్ల తండ్రులు, అన్నదమ్ములు తమ ఆడపిల్లలను తామే నరికిన ఘటనలు కూడా త్యాగాల పద్దులోనే చేరాయి. 2003లో పాకిస్తానీ దర్శకురాలు సబీహా సుమర్ తీసిన ‘ఖామోష్ పానీ’లో కథానాయిక 1947లో బావి దగ్గర నుంచి పారిపోయిన స్త్రీ. చావనని ఆమె చెప్పిన నిరాకరణను గుర్తుంచుకునేవారు ఎవరూ ఉండరు.

చావకుండా మిగిలిన స్త్రీలకు పంజాబులో మరో తరలింపు ఎదురైంది. ఈసారి తరలించినది ప్రభుత్వం. అపహరణకు గురైన స్త్రీలను వెతికి వారి వారి దేశాలకు చేర్చాలని రెండు ప్రభుత్వాలు 1947 డిసెంబరులో ఒప్పందం చేసుకున్నాయి. ఉద్దేశం మంచిదే. చెప్పలేని హింసను అనుభవించి, ఎప్పుడు ఇల్లు చేరతామా అని ఎదురుచూసిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. మృదులా సారాభాయ్, కమలాబెన్ పటేల్ వంటివారు దీనికోసం ఏళ్ల తరబడి శ్రమించారు. 1950ల మధ్య నాటికి భారత్ నుంచి ఇరవై వేలకు పైగా ముస్లిం స్త్రీలను, పాకిస్తాన్ నుంచి ఎనిమిది తొమ్మిది వేల మంది హిందూ, సిక్కు స్త్రీలను అప్పగించారు.

చిక్కు 1949 నాటి చట్టంలో ఉంది. 1947 మార్చి 1కి ముందు ముస్లిం అయి ఉండి, ఆ తర్వాత కుటుంబం నుంచి విడిపోయి, ఇతర మతస్థుల దగ్గర కనబడిన స్త్రీ ఏ వయసుదైనా సరే, భారత చట్టం ప్రకారం ఆమె ‘అపహృత వ్యక్తి’. మగపిల్లలకు పదహారేళ్ల పరిమితి ఉంది. స్త్రీకి వయోపరిమితే లేదు. పోలీసు అధికారి వారెంటు లేకుండా ఇంట్లో ప్రవేశించి ఆమెను శిబిరానికి తరలించవచ్చు. వివాదం వస్తే ట్రిబ్యునల్ తేలుస్తుంది. నేను వెళ్లను అని ఆమె అన్న మాటకు చట్టంలో చోటు లేదు. అలా అన్నవారు తక్కువేమీ కాదు. కొందరు కొత్త సంసారంలో పిల్లలను కన్నారు. కొందరికి తమను పుట్టింటివారు రానివ్వరన్న భయం. కొందరు ఒకసారి చెదిరిన బతుకును మళ్లీ చెదరనివ్వబోమన్నారు. శిబిరాల్లో వారు ఏడ్చి, ఎదిరించి, తప్పించుకుపోయిన సంగతులను రీతూ మీనన్, కమలా భసీన్‌లు నమోదు చేశారు. 1952లో సుప్రీంకోర్టు ఇలా అదుపులోకి తీసుకోవడం రాజ్యాంగంలోని 22వ అధికరణ చెప్పే అరెస్టు కిందికి రాదని తీర్పు చెప్పింది. చట్టం 1957 వరకు కొనసాగింది.

ఇప్పుడు బేగం జాన్ ఇంటిని మళ్లీ చూడండి. ఈ చట్టానికి స్త్రీ ఇల్లు అంటే ఆమె పుట్టిన కుటుంబం, ఆమె దేశం అంటే ఆ కుటుంబపు మతం. పుట్టిన కుటుంబం వెళ్లగొట్టిన స్త్రీ ఏ దేశానిది? సినిమా ఈ ప్రశ్నను గట్టిగా అడగగలిగింది. అందుకే నేను దాన్ని తేలికగా తీసిపారేయను.

పంజాబు చట్టం బెంగాలుకు వర్తించలేదు. బెంగాలులో వలస ఒక్కసారిగా కాక ఏళ్ల తరబడి సాగింది. 1950 అల్లర్ల తర్వాత లక్షలాది మంది కలకత్తా చేరారు. సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాల మీద కాపురాలు పెట్టారు. ప్రభుత్వ శిబిరాల కోసం చూడకుండా కొందరు జాదవ్‌పూర్, టాలీగంజ్ వైపు ఖాళీ స్థలాలను రాత్రికి రాత్రే ఆక్రమించి, వెదురు తడికెలతో గుడిసెలు వేసి, వాటికి ఆజాద్‌గఢ్ వంటి పేర్లు పెట్టుకున్నారు. భూస్వాముల మనుషులు, పోలీసులు కూల్చడానికి వచ్చేవారు. ఎక్కువగా మగవాళ్లు పనులకు పోయిన పగటి వేళల్లో వచ్చేవారు. అప్పుడు కాలనీలో ఒక స్త్రీ శంఖం ఊదేది. బెంగాలీ ఇళ్లలో సంధ్యాపూజకు ఊదే శంఖమే. ఆ శబ్దం వినగానే కత్తిపీటలు, చీపుర్లు పట్టుకుని స్త్రీలు ముందు వరుసలో నిలబడేవారు. కూల్చిన గుడిసెను ఆ రాత్రే మళ్లీ కట్టేవారు. 1951లో ఆక్రమణదారులను తొలగించే బిల్లు వచ్చినప్పుడు ఊరేగింపుల్లో వీరే పెద్ద సంఖ్యలో నడిచారు. ఆ ఒత్తిడితో ప్రత్యామ్నాయ స్థలం చూపకుండా శరణార్థులను తొలగించరాదన్న నిబంధన చట్టంలో చేరింది. 1950 చివరిలోగా వెలసిన 149 కాలనీలకు క్రమంగా గుర్తింపు వచ్చింది.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. కలకత్తాలో చోటు దొరకనివారిని దండకారణ్యానికీ, ఇతర రాష్ట్రాలకూ పంపారు. మన కాగజ్‌నగర్ ప్రాంతంలో బెంగాలీ మాట్లాడే గ్రామాలు ఉన్నాయంటే కారణం అదే. ఆ చుట్టుపక్కల ఉండే విద్యార్థులకు నా సలహా: మీ ప్రాజెక్టు పనికి దూరం పోనవసరం లేదు. అక్కడి పెద్దవయసు స్త్రీలను అడగండి. ఎక్కడి నుంచి వచ్చారు అన్నది సులువైన ప్రశ్న, దానికి జవాబు అందరూ చెబుతారు. ఇక్కడికి పంపుతామన్నప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారు అని అడిగి, వారు చెప్పినంతా వారి మాటల్లోనే రాసుకురండి.