క్రియాపర్యాయములు – పుదుచ్చేరి దుబాసి

పుదుచ్చేరి పట్టణమున నివసించు తెలుగు కుటుంబములలో, ముఖ్యముగా ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో, ఐదవ తరగతి చదువు పిల్లవాడున్నచో ఆ సంవత్సరమంతయు ప్రవేశపరీక్ష మాటయే వినవచ్చును. ఆరవ తరగతిలో చేరుటకై జరుగు సైనిక పాఠశాలల అఖిల భారత పరీక్షలో 300 మార్కులకుగాను భాషకు 50 మార్కులు. నవోదయ విద్యాలయముల పరీక్షలో నూటికి 25. రెంటిని తెలుగున వ్రాయుటకును వీలున్నది. వీనికి సిద్ధపడు పిల్లలు సమానార్థక పదముల పట్టికలను వల్లెవేయుట పరిపాటి. సూర్యునకు, చంద్రునకు, తామరకు నాలుగేసి పేర్లు వారు చులకనగా అప్పగింతురు. క్రియాపదముల కడకు వచ్చునప్పటికి తడబడుదురు. ఈ తడబాటునకు పిల్లల బుద్ధిమాంద్యము కారణము కాదు. దాని వెనుక మన నిఘంటువుల చరిత్ర యున్నది. ఆ చరిత్రలో పుదుచ్చేరికిని ఒక చోటు గలదు.

మన పూర్వులు వీథిబడులలో కంఠస్థము చేసినది అమరకోశము. దాని అసలు పేరు నామలింగానుశాసనము. గ్రంథమేమి చేయునో పేరే చెప్పుచున్నది: అది నామముల పట్టిక, వాని లింగముల నిర్ణయము. దేవతలు, దిక్కులు, చెట్లు, మృగములు, వృత్తులు అన్నియు వర్గములుగా నందున్నవి. 'చూచును', 'నడచును' అను క్రియలకు మాత్రము వర్గము లేదు. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి రచించిన పద్యనిఘంటువు ఆంధ్రనామసంగ్రహము. దానికి అనుబంధముగా ఆడిదము సూరకవి రచించినది ఆంధ్రనామశేషము. రెండిటి పేర్లలోను 'నామ'మే. క్రియలు వ్యాకరణమువారి సొత్తని నిఘంటుకర్తలు వదలివేసిరని తోచుచున్నది. వ్యాకరణమువారి ధాతుపాఠములో రమారమి 2,000 ధాతువులున్నవి గాని, పెక్కింటికి 'గతి' యను ఒక్క అర్థమే చెప్పి ముగించిరి. ప్రాకుటయు గతియే, పరుగెత్తుటయు గతియే! పాఠము వల్లించు బాలునకు దీనివలన భేదము తెలియదు.

ఈ కొరతను గుర్తించిన పండితులు లేకపోలేదు. భట్టమల్లుడు ఆఖ్యాతచంద్రిక యను సంస్కృత గ్రంథమున క్రియాపదములనే అర్థముల ననుసరించి గుంపులు కట్టెను. దీని విలువ నెరిగినవాడు మన మెదకు సీమలోని కొలచెలమ మల్లినాథసూరి. కావ్యవ్యాఖ్యానములలో క్రియ యొక్క అర్థము తేల్చవలసి వచ్చినపుడు భట్టమల్లుని పేరెత్తి ప్రమాణముగా చూపెను. అయినను ఆఖ్యాతచంద్రిక అమరమువలె బడిపిల్లల నోట నానలేదు.

ఇక పుదుచ్చేరి విషయము. 18వ శతాబ్దిలో ఫ్రెంచివారి దుబాసిగా నుండిన ఆనందరంగపిళ్ళ (1709–1761) తన తమిళ దినచర్యవలన లోకప్రసిద్ధుడు. 1736 నుండి 1761 వరకు సాగిన ఆ దినచర్య ఆంగ్లానువాదము 1904–1928 నడుమ పండ్రెండు సంపుటములుగా చెన్నపట్టణమున అచ్చయినది. ఆయన కవిపోషకుడు కూడ. 1752లో శ్రీనివాసకవి సంస్కృతమున ఆనందరంగవిజయచంపువును రచించెను. తెలుగున కస్తూరి రంగకవి ఆయన పేరిట ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథమును వ్రాసెను. తెలుగు ఛందస్సునకు పుదుచ్చేరి దుబాసి పేరు తగుల్కొనుట చిత్రముగా తోచవచ్చును గాని, ఆ దినములలో తెలుగు దక్షిణాపథమంతటను విద్వత్సభలలో మన్నన పొందిన భాష. ఈ రంగకవియే సాంబనిఘంటువను పర్యాయపద నిఘంటువును కూడ పద్యములలో కూర్చెను. అందును పెద్దపీట నామములకే.

కవి నామములు కూర్చుచుండగా పోషకుని బ్రదుకు క్రియలమీద నడచినది. దుబాసి యనగా రెండు భాషల నడుమ నిలిచి ఒకరి మాట వేరొకరికి చేర్చువాడు. 1742 నుండి 1754 వరకు డూప్లే గవర్నరు. ఆయనకును, వర్తకులకును, నవాబుల మనుష్యులకును నడుమ చెప్పవలసిన మాటలకు లెక్కలేదు. 'చెప్పు' అను క్రియకు తెలుగున పలుకు, వచించు, ఆనతిచ్చు, సెలవిచ్చు, విన్నవించు, మనవిచేయు అని యెన్నియో పర్యాయములున్నవి. అయితే పెద్దలు ఆనతిత్తురు, చిన్నలు విన్నవింతురు. గవర్నరు విన్నవించెనన్నచో దొరతనము తలక్రిందులగును. బేరగాడు ఆనతిచ్చెనన్నచో నవ్వులపాలగును. కచేరి కాగితములు తిరుగవేసినవారికి ఈ భేదము క్రొత్తది కాదు: క్రిందివారు నివేదింతురు, పైవారు ఉత్తరువు చేయుదురు. రెంటి కర్థము 'తెలుపుట'యేనని వాదించువాడు ఉద్యోగమున నాలుగునాళ్ళు నిలువడు.

ఆనందరంగపిళ్ళ దినచర్య మొదలైన 1736లోనే పారిసు నగరమున జిరార్ అను క్రైస్తవాచార్యుడు 'సినొనీమ్ ఫ్రాన్సే' అను గ్రంథమును ప్రకటించెను. 1718లో తాను వెలువరించిన గ్రంథమునే పెంచి ఇట్లు తెచ్చెను. సమానార్థకములని జనులనుకొను పదములు నిజముగా సమానములు కావనియు, ప్రతిదానికిని తనదైన ఛాయ కలదనియు ఆయన మతము. మన నిఘంటుకర్తలు పదములను ఒకచోటికి చేర్చుటలో ఘనులు. జిరార్ వానిని వేరుచేయుటలో ఘనుడు. ఒకే కాలమున ఈ రెండు పద్ధతులు రెండు ఖండములలో వర్ధిల్లుచుండెను. బాలురకు రెండును కావలసినవే, కాని నేటి పరీక్షాపుస్తకములలో మొదటిదే మిగిలినది.

'చూచు' అను క్రియనే తీసికొందము. కాంచు, వీక్షించు, తిలకించు, పరికించు, దర్శించు అని వరుసగా అచ్చువేసి, కొందరు దానిప్రక్కన నిరీక్షించు అనియు చేర్చుచున్నారు. సంస్కృతమున నిరీక్షణము చూచుటయే గాని తెలుగువాడు నిరీక్షించుట రైలుకొరకో జీతముకొరకో ఎదురుచూచుట. తిలకించుటలో ముచ్చట యున్నది, పరికించుటలో అనుమానమున్నది. దేవుని దర్శింతుము, బజారులో బేరమాడు వంకాయలను దర్శింపము. ఈక్ష్ ధాతువొక్కటే ఉపసర్గభేదముచేత వీక్షించు, అపేక్షించు, ఉపేక్షించు, ప్రతీక్షించు అని వేరువేరు దారులు పట్టినది. పిల్లవాని నిద్రచెరచు 'పరీక్ష'యు ఆ ధాతువునుండి పుట్టినదే: చుట్టును కలయజూచుట యని దాని మూలార్థము.

1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున క్రియకు ప్రత్యేక పరిచ్ఛేదము దక్కినది. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము అకారాదిగా వెలువడినప్పుడు క్రియలకు నామములతో సమానముగా పంక్తిలో చోటు లభించినది. అయితే అకారాదిక్రమమున 'కాంచు' ఒక మూలను, 'పరికించు' ఒక మూలను పడిపోవును. గుంపు కట్టుటయు ఛాయ విప్పుటయు కలిసిన క్రియాకోశము బాలుర చేతికి అందవలసియే యున్నది. అది లభించువరకు ఇంటిలోని పెద్దలు పట్టికను వల్లింపజేయుటకు బదులు ఎవరు, ఎవరితో, ఎచ్చట అను మూడు ప్రశ్నలు ప్రతి క్రియకును వేసి, పిల్లలచేత వాక్యము చెప్పించుట మేలు. సాయంకాలము పది క్రియలకన్న మించవలసిన పనిలేదు.

పుదుచ్చేరికి ఉత్తరమున కాలాపేటలో 1985లో స్థాపితమైన విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు ఆనందరంగపిళ్ళ పేరు పెట్టిరి. నవోదయ విద్యాలయమును ఆ కాలాపేటలోనే యున్నది.