కట్టుడుపళ్ళతో భోజనం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కట్టుడుపళ్ళ చరిత్రను సాధారణంగా చెక్క, ఏనుగుదంతం, రబ్బరు, ప్లాస్టిక్ అనే పదార్థాల వరుసలో చెబుతారు. వాటితో తినడం ఎంతవరకు సాధ్యమైందన్న ప్రశ్నకు ఆ వరుసలో సమాధానం దొరకదు. పళ్ళసెట్టు చిగుళ్ళపై ఎలా నిలిచిందన్నదే భోజనాన్ని నిర్ణయించిందని జపాన్, అమెరికా ఉదాహరణల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: కట్టుడుపళ్ళు, నమలడం, త్సుగె, జార్జ్ వాషింగ్టన్, వల్కనైట్.

1. ఉపోద్ఘాతం:
సహజదంతం దవడ ఎముకలో నాటుకొని ఉంటుంది. పూర్తి పళ్ళసెట్టుకు ఆ ఆధారం లేదు. అది తడి చిగుళ్ళపై ఆని ఉంటుంది. ముందుపళ్ళతో గట్టి పదార్థాన్ని కొరికితే పైసెట్టు వెనుకభాగం కిందికి జారుతుంది. ఒకవైపే నమిలితే రెండోవైపు పైకి లేస్తుంది. అందుచేత కొత్తగా సెట్టు పెట్టుకొన్నవారు మెత్తని ఆహారంతో ప్రారంభించి, చిన్న ముక్కలను రెండువైపులా సమంగా నమలడం నేర్చుకోవలసి ఉంటుంది. సెట్టును కదలకుండా నిలపడం నాలుకకు, బుగ్గల కండరాలకు క్రమంగా అలవడుతుంది. అయితే ఈ అభ్యాసానికి సెట్టు ముందుగా చిగుళ్ళకు అమరాలి. చరిత్రలో ఈ షరతు అన్నిచోట్లా ఒకేకాలంలో నెరవేరలేదు.

2. జపాన్ చెక్కసెట్లు:
1538లో మరణించిన నకావోకా తెయి అనే బౌద్ధ సన్యాసిని ధరించిన పైసెట్టు వకయామాలోని గన్‌జోజి ఆలయానికి చెందినది. జపనీయులు ‘త్సుగె’ అని పిలిచే గట్టి చెక్కతో దానిని మలిచారు. ఎదో యుగంలో (1603–1868) ఈ పనితనం మరింత విస్తరించింది. పనివారు తేనెమైనంతో నోటి అచ్చు తీసుకొని, అంగిలికి అతికేటట్లు చెక్కను చెక్కేవారు. లాలాజలపు పలుచని పొర వల్ల సెట్టు అంగిలిని అంటిపెట్టుకొని ఉండేది. దవడపళ్ళ స్థానంలో లోహపు మేకులు దిగగొట్టే పద్ధతి కూడా ఉండేది. ఆహారాన్ని నలగగొట్టడానికే ఆ మేకులు ఉపకరించాయి. అంటే నమలడం ఈ సెట్ల ప్రధాన ప్రయోజనాలలో ఒకటి.

3. వాషింగ్టన్ సెట్లు:
1789లో అధ్యక్షపదవి స్వీకరించేనాటికి జార్జ్ వాషింగ్టన్‌కు ఒక్క సహజదంతమే మిగిలి ఉంది. ఆయనవి చెక్కపళ్ళన్న ప్రచారం నిజం కాదు. ఆయన సెట్లలో నీటిగుర్రపు దంతం, మనుషుల పళ్ళు, పశువుల పళ్ళు, సీసం వాడారు. 1784 నాటి ఆయన పద్దుపుస్తకంలో ‘నీగ్రోల’ నుంచి తొమ్మిది పళ్ళు కొన్నందుకు 122 షిల్లింగుల చెల్లింపు నమోదైంది. అవి ఆయన నోటికే అమర్చినట్లు ఆ పద్దు చెప్పదు. కానీ ఒకరి నోటి లోటును పూరించడానికి బానిసల నోళ్ళు వనరు కావడానికి అది తిరుగులేని సాక్ష్యం.

పై, కింది సెట్లను స్ప్రింగులు ఎడంగా నెట్టేవి. అవి బయటికి తన్నుకురాకుండా దవడలను బిగించి ఉంచడమే ఒక శ్రమ. వెన్న, తేనెలలో తడిసిన మొక్కజొన్న రొట్టెలు ఆయన ఉదయాహారమని కుటుంబసభ్యుల కథనం. 1798 డిసెంబరులో సెట్టు పెదవులను ముందుకు నెడుతోందని ఆయన దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్‌కు రాశారు. పోర్ట్ వైన్ వల్ల సెట్టు నల్లబడిందని, భోజనానంతరం దానిని తీసి శుభ్రమైన నీటిలో ఉంచాలని గ్రీన్‌వుడ్ బదులిచ్చారు. ఇక్కడ సెట్టు భోజనానికి అనుగుణంగా మారలేదు. భోజనమే సెట్టుకు లోబడింది.

4. వల్కనైట్ తెచ్చిన మార్పు:
స్ప్రింగులు లేకుండానే పైసెట్టు అంగిలికి అంటుకొని నిలవగలదన్న గుర్తింపు అమెరికాలో 1800 ప్రాంతంలో ఫిలడెల్ఫియా వైద్యుడు జేమ్స్ గార్డెట్‌కు ఆపాదితమైంది. ఏనుగుదంతాన్ని చిగుళ్ళ వంపులకు సరిగా చెక్కడం కష్టం, ఖర్చు. 1850ల నుంచి వాడుకలోకి వచ్చిన వల్కనైట్ అనే గట్టి రబ్బరును నోటి అచ్చుపై పోతపోయవచ్చు. 1846లో ఈథర్ మత్తు ప్రదర్శన తరువాత పళ్ళు తీయించుకోవడం సులభమై గిరాకీ పెరిగింది. పేటెంటు రుసుముల వివాదాలు 1881 వరకు సాగినా, చౌకైన సెట్టు సామాన్యుడి నోటికీ చేరింది. 1930ల చివర వచ్చిన అక్రిలిక్ ఈ సూత్రాన్నే కొనసాగించింది.

5. ముగింపు:
పదహారో శతాబ్దపు చెక్కసెట్టు నమలడానికి పనికిరాగా, రెండున్నర శతాబ్దాల తరువాతి ఖరీదైన దంతపుసెట్టు మెత్తని ఆహారానికే పరిమితం చేసింది. పదార్థాల వరుసను ప్రగతి క్రమంగా భావిస్తే ఈ వైరుధ్యం అర్థం కాదు. ప్రదర్శనశాలలోని పాత సెట్టును దేనితో చేశారని మాత్రమే కాక, అది నోటిలో ఎలా నిలిచింది, దానితో ఏమి తినగలిగారు అని ప్రశ్నించినప్పుడే ధరించినవారి అనుభవం చరిత్రలో భాగమవుతుంది.