గాలికి పద్దు

లివర్‌పూల్‌లో సెయింట్ జార్జ్ హాలు చూసొచ్చినవాళ్లు దాని రాతి స్తంభాల గురించీ, నేల మీద పరిచిన రంగుల పలకల గురించీ చెబుతారు. నేను దాని నేలమాళిగ గురించి చెబుతాను. హైదరాబాదులో ఒక సర్కారీ ఆడిటోరియంలో ఏసీ ప్లాంటు ఆపరేటరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. మా అమ్మాయి ఉద్యోగం ఆ ఊళ్లోనే కావడం వల్ల గైడు వెంట ఆ హాలు అడుగుకి దిగే వీలు దొరికింది. కింద అంతా ఇటుక సొరంగాలు. మనిషి నిలబడి నడవొచ్చు. మలుపు మలుపుకీ గోడల్లో ఖాళీలు. ఒకప్పుడు ఆ ఖాళీలకి కాన్వాసు గుడ్డ తెరలు వేలాడేవి, వాటికి తాళ్లుండేవి.

ఆ తాళ్లు పట్టుకుని పనివాళ్లు నిలబడేవారు. బయటి గాలి తూర్పు మంటపం దగ్గరి షాఫ్టుల్లోంచి కిందికి దిగేది. చలికాలంలో కోక్ బాయిలర్లతో కాగే వేడినీటి గొట్టాల మీదుగా సాగేది. చలి మరీ ముదిరితే ఆవిరి తోడయ్యేది. ఎండలప్పుడు గొట్టాల్లోకి ఊరి కుళాయి చన్నీళ్లు వదిలేవారు. పదేసి అడుగుల వెడల్పున్న 4 ఫ్యాన్లు ఆ గాలిని పైకి తోసేవి. ఏ గదికి ఎంత వెళ్లాలో తేల్చేది మాత్రం తాడు పట్టుకున్న మనిషే. అదే భవనంలోని కోర్టు గదుల్లో జనం పెరిగితే అటు తెర ఎత్తాలి, పెద్ద హాల్లో కచేరీ మొదలైతే ఇటు వదలాలి. 1854 సెప్టెంబరు 18న తెరిచిన భవనం అది. థర్మోస్టాట్ లేదు, కరెంటు లేదు. మా ప్లాంటు గదిలో గాలి దారిని తెరిచి మూసే డాంపర్లు చేసే పనంతా అక్కడ మనుషులు చేశారు.

బందరు జిల్లా కోర్టులో మా తాత పంకా లాగేవాడని నాన్న చెప్పేవాడు. జడ్జీగారి నెత్తిన వేలాడే గుడ్డ పంకా తాడు గోడకున్న రంధ్రంలోంచి వరండాలోకి వచ్చేది. చేతులు నొప్పెడితే కాలి వేలికి చుట్టుకుని లాగేవాడట. ఎండలు తగ్గాక ఆ పని ఉండేది కాదు, కూలీ కూడా ఉండేది కాదు. లివర్‌పూల్ తాళ్లున్న చోట నిలబడి ఆయన్నే తలుచుకున్నాను. అయితే పనిలో తేడా ఉంది. పంకా గదిలో ఉన్న గాలినే కదిలిస్తుంది, చెమట ఆరుతుంది, అంతవరకే. పది మంది వదిలిన ఊపిరి గదిలోనే తిరుగుతుంది. లివర్‌పూల్ మనిషి తాడు లాగితే పాత గాలి బయటికి పోయి కొత్త గాలి లోపలికి వచ్చేది. ఇవాళ మన ఫంక్షన్ హాళ్లలో గోడలకి బిగించే స్ప్లిట్ ఏసీలు ఈ లెక్కన పంకా జాతివే. చల్లబరుస్తాయి, గాలిని మార్చవు.

ఆ హాలుకి డబ్బు మొదట ఊరి జనమే వేసుకున్నారు. సంగీతోత్సవాలకి సరైన చోటు లేదని 1836లో సభ పెట్టి, ఒక్కొక్కటి 25 పౌండ్ల చొప్పున వాటాలు అమ్మారు. మరుసటి జనవరికల్లా 23,350 పౌండ్లు పోగయ్యాయి. న్యాయస్థానాలు కట్టాల్సిన కార్పొరేషన్ కూడా దానితో కలిసింది. రెండూ ఒకే కప్పు కింద పెడదామన్న ఆర్కిటెక్టు హార్వే లాన్స్‌డేల్ ఎల్మ్స్ అప్పటికి పాతికేళ్లు దాటీ దాటని కుర్రవాడు. గాలి పని డేవిడ్ బాస్వెల్ రీడ్‌కి అప్పగించారు. ఆయన ఎడింబరోలో రసాయన శాస్త్రం పాఠాలు చెప్పేవాడు. గోడలు లేవకముందే ఎల్మ్స్ ఆయనతో కూర్చుని గాలి దారులన్నీ నక్షాలోకి ఎక్కించాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు. కట్టేశాక గోడకి కన్నం వేసి డక్టు తిప్పడం ఎంత నరకమో మాకు తెలుసు. ఎల్మ్స్ తన హాలు పూర్తవడం చూడలేదు. క్షయ ముదిరి, వెచ్చటి గాలి కోసం జమైకా వెళ్లి 1847లో అక్కడే పోయాడు. వయసు 33.

రీడ్ లివర్‌పూల్‌కి రాకముందే లండన్‌లో పార్లమెంటుకి గాలి పెట్టాడు. 1834 అక్టోబరు 16న పార్లమెంటు ఉండే వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ కాలిపోయింది. దిగువ సభ అయిన కామన్స్‌ని తాత్కాలికంగా వేరే గదిలోకి మార్చారు. అక్కడ ఊపిరాడడం లేదని సభ్యులు మొరపెడితే, 1835లో కమిటీ వేసి రీడ్‌ని పిలిపించారు. ఆయన 1836లో ఆ గది నేలంతా చిల్లులు పొడిపించి, పైన గుర్రపు వెంట్రుకల తివాచీ పరిపించాడు. లండన్ మసి లోపలికి రాకుండా గాలి దారికి అడ్డంగా పెద్ద గుడ్డ తెర కట్టించాడు. మేము వాడే ఫిల్టరు అదే. చెడ్డ గాలి పైకప్పు గుండా బయటి పొగగొట్టానికి చేరేది. దాని అడుగున రగిలే నిప్పే ఫ్యాను. సభ సాగుతుండగానే వేడి, చల్లని గాలుల పాళ్లు మార్చేవారు. ఒక సభ్యుడు చలి అంటే పక్కాయన ఉక్క అనేవాడు. బూట్ల దుమ్ము నేల చిల్లుల్లోంచి మొహం మీదికి లేస్తోందన్న ఫిర్యాదూ వచ్చింది. ఆ ఫిర్యాదు నిజమే అయ్యుంటుంది. జనం నడిచే నేలలోంచి గాలి పంపితే దుమ్ము లేవక తప్పదు. అయినా ఆ ఏర్పాటు మొత్తానికి నిలబడింది. గాలికీ మంటకీ తెరకీ అన్నిటికీ ఒక్కడే బాధ్యుడు కావడం వల్ల నిలబడిందని నా నమ్మకం.

దాని బలంతోనే 1840లో కొత్త ప్యాలెస్ గాలి పని కూడా రీడ్‌కే ఇచ్చారు. అక్కడి ఆర్కిటెక్టు చార్లెస్ బ్యారీ. రీడ్ గాలి దారులకి చోటు అడుగుతూ పోయాడు, బ్యారీ కాదంటూ వచ్చాడు. చెడ్డ గాలీ పొగా పోవడానికని రీడ్ కోరిన మీదట నడిమధ్యన సుమారు 300 అడుగుల సెంట్రల్ టవర్ లేచింది. ఉత్తరాలు, కమిటీలు, పత్రికల్లో తిట్లు. చివరికి ప్రభువుల సభ గాలి బ్యారీ చేతికీ, కామన్స్ గాలి రీడ్ చేతికీ పంచారు. ఒకే భవనంలో గాలికి ఇద్దరు యజమానులు! 1852లో సభ్యులు కొత్త కామన్స్ గదిలో కూర్చున్నారో లేదో ఫిర్యాదులు మొదలయ్యాయి, ఆ ఏడే రీడ్‌ని తప్పించారు. ఆయన అమెరికా వెళ్లిపోయి 1863లో వాషింగ్టన్‌లో చనిపోయాడు. ఆ టవరు ఇప్పటికీ ఉంది. కట్టిన పనికి అది దాదాపు అక్కరకి రానేలేదు. నేను రీడ్ పక్షం. ఆయన మొండివాడే కావచ్చు. కానీ గాలి దారి కావాలని అడిగినవాడి నోరు మూయించి, తర్వాత గాలి ఆడడం లేదని అతన్నే వెళ్లగొట్టడం న్యాయం కాదు.

రీడ్ స్థానంలోకి గోల్డ్‌స్వర్దీ గర్నీ వచ్చాడు. 1858 వేసవికి థేమ్స్ నది కుళ్లి కంపు కొట్టింది. పార్లమెంటు నది ఒడ్డునే కదా. కిటికీ తెరల్ని సున్నపు క్లోరైడు నీళ్లలో ముంచి వేలాడదీశారు. ఆర్థిక మంత్రి డిజ్రేలీ ఒక చేత్తో కాగితాలు, ఇంకో చేత్తో ముక్కుకి రుమాలు పట్టుకుని కమిటీ గదిలోంచి బయటపడ్డాడు. సభ ఆరోగ్యానికి ఇక తాను బాధ్యుణ్ణి కానని గర్నీ స్పీకరుకి రాసిచ్చాడు. నదిని బాగుచేసే బిల్లు 18 రోజుల్లో చట్టమైంది. 30 లక్షల పౌండ్లకి దారి తెరుచుకుంది, ఇంజనీరు బాజల్గెట్ మురుగు కాలువలు తవ్వించాడు. అంతకుముందు 1848-49లో లండన్ కలరాకి సుమారు 14,000 మంది, 1853-54లో మరో 10,000 మంది పోయారు. అప్పుడు దొరకని డబ్బు, వాసన సభ గదిలోకి వచ్చాక దొరికింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు కోపం ఇంకా వస్తుంది.

అదే 1858లో మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త గదిగాలిని కొలిచే పద్ధతి చెప్పాడు. మనుషులు వదిలిన బొగ్గుపులుసు వాయువు వెయ్యిలో ఒక పాలు దాటితే ఆ గది గాలి మంచిది కాదన్నాడు. ఆ వాయువే విషమని ఆయన అనలేదు. అది పెరిగిందంటే ఒకరి ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారని గుర్తు. మేము చేతిలో పట్టుకునే మీటరు మీద 1,000 పీపీఎం అంటే ఆ లెక్కే. మా ఆడిటోరియంలో ప్రైజుల పంపిణీ నాడు, పిల్లలూ తల్లిదండ్రులూ కిక్కిరిసినప్పుడు, ఆ అంకె 2,000 దాటేది. ఫ్రెష్ ఎయిర్ డాంపరు తెరిస్తే దిగుతుంది, కానీ బయటి వేడి గాలిని చల్లబరచాలి కాబట్టి కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకని డాంపరు మూసి ఉంచమని పైనుంచి మాట వచ్చేది. కుర్చీలకి కొత్త గుడ్డ, గుమ్మంలో గ్రానైటు, వేదిక వెనక ఎల్‌ఈడీ తెర, వీటన్నిటికీ నిధులు వచ్చాయి. ఫిల్టర్లు అడిగితే కడిగి మళ్లీ వేయమన్నారు. కడగ్గా కడగ్గా అవి జల్లెళ్లయ్యాయి.

కోవిడ్ తర్వాత అమెరికాలో బడుల గాలి బాగుచేయడానికి సహాయ నిధులు వాడుకోనిచ్చారు. బెల్జియంలో 2022లో జనం చేరే మూసిన చోట్ల గాలి నాణ్యత మీద చట్టమే చేశారు. చదివి సంతోషపడ్డాను. వెంటనే, ఆ ఫిల్టర్లు మార్చే మనిషి జీతం ఏ పద్దులో రాశారో అని వెతికాను. యంత్రం ఒకసారి కొంటే వస్తుంది. దాన్ని చూసుకునే చేతికి మాత్రం నెలనెలా డబ్బు కావాలి. లివర్‌పూల్లో కాన్వాసు తెరలు ఎత్తినవాళ్ల జీతం కూడా హాలు ఖర్చులోనే రాసుకుని ఉండాలి, లేకపోతే ఆ సొరంగాలకి అర్థం లేదు.

మొన్న ఒక చిన్న మునిసిపాలిటీ ఇంజనీరు కుర్రాడు కొత్త టౌన్‌హాలు అంచనా పట్టుకుని సలహాకి వచ్చాడు. "బాబాయ్, ఏం మార్చమంటారు?" అన్నాడు. గాలి బయటికి పోయే దారి నక్షాలోనే గీయించాను. తివాచీ కింద నుంచి గాలి వద్దన్నాను. ఏడాదికి నాలుగు విడతల ఫిల్టర్లు, ఒక మీటరు, రెండు షిఫ్టులకి ఇద్దరు ఆపరేటర్లు రాయించాను. పై ఆఫీసులో మిగతావన్నీ ఉంచి ఆపరేటర్ల వరుస కొట్టేశారట. ఆ వరుస మళ్లీ చేర్చి, ఎందుకు కావాలో రెండు పేజీల కాగితం జతచేసి పంపించాం.