గ్రహణి వ్యాధియు బంగారువన్నె మందును

నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు చిక్కడపల్లి, అశోక్‌నగర్ గృహస్థులు కుక్కకాటు మందునకై పోవుటయు, త్రాగునీటిని పరీక్షకు పంపుటయు కలదు. ఆ పరీక్షలో ముఖ్యముగా వెదకునవి ప్రేగులలో నివసించు కోలిఫారము జీవులే. కావున సూక్ష్మజీవి యన్నంతనే శత్రువను భావము మన యిండ్లలో నాటుకొనిపోయినది. ఈ భావమును కొంత సడలింపవలసి యున్నదని నేననుకొందును. అందులకు ఒక తెలుగువాని చరిత్రమే సాక్ష్యము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన యన్నగారైన పురుషోత్తమముగారిని గ్రహణి బలిగొనెను. తిన్న యన్నము ఒంటబట్టక, నాలుక పూసి, రక్తము క్షీణించు నీ జబ్బును దొరల వైద్యులు స్ప్రూ అనిరి. మదరాసులో ఖద్దరు తొడిగిన నేరమునకు తక్కువ పట్టముతో బయటపడిన సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరిరి. 1940లో లెడర్లీ సంస్థ పరిశోధనశాలకు మారిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. స్ప్రూ రోగులకు దానివలన రక్తము పట్టెను.

కాని యా లోపమసలు ఏల కలిగెను? చిన్నప్రేగులో నుండరాని సూక్ష్మజీవులు అతిగా పెరుగుటయు నొక కారణమని తరువాతివారు గ్రహించిరి. ఈలోగా అదే పరిశోధనశాలలో డగ్గర్ పండితుడు మిస్సోరీ మట్టిలోని జీవినుండి బంగారువన్నె గల ఆరియోమైసిన్‌ను తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది; ఆ యాగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. నేడు గ్రహణికి ఫోలిక్ ఆమ్లముతోపాటు ఆరియోమైసిన్ కుటుంబపు టెట్రాసైక్లిన్‌ను కలిపి యిత్తురు. అన్నను చంపిన రోగమునకు తన పరిశోధనశాల దారులు రెండును కలియుట ఆయన చూడలేదు.

అచ్చటివారే ఆరియోమైసిన్ పిప్పిని కోడిపిల్లలకు మేపగా అవి వింతగా బలిసెనని 1950లో వెల్లడించిరి. అంతట పశువుల మేతలో ఆ మందు బండ్లకొలది కలిసెను. బలుపుకొఱకు వాడుట అమెరికాలో ఆగుటకు 2017 రావలసివచ్చెను. మందు మంచి చెడ్డలు చూడదు. విటమిన్ కె చేసిపెట్టు జీవులను, దుష్టజీవులకు చోటీయక కాపలాకాయు జీవులను గూడ చంపును. అట్లు ఖాళీయైన ప్రేగులో క్లాస్ట్రిడియం చేరి ప్రాణాంతకమగు విరేచనములు కలిగించుట వైద్యు లెఱిగినదే.

ప్రేగువంటిదే యూరిచుట్టు నున్న నేలయు, నీరును. మన నగరమునకు చేరువనున్న పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రోగి రక్తములో నుండదగిన పాలుకంటె అది యెక్కువ.